బ్లాక్‌ఫ్రయర్స్ పిల్లల నాటకశాల తగాదాలు

లండన్‌లో థేమ్స్ నది ఒడ్డునున్న బ్లాక్‌ఫ్రయర్స్ పేటలో 1576 నుంచి 1584 దాకా ఒకసారి, 1600 నుంచి 1608 దాకా మరోసారి పిల్లల నాటకశాల నడిచింది. వేషాలు కట్టినవాళ్లంతా మగపిల్లలే. రాజు వేషం, రాణి వేషం, ముసలివాడి వేషం, విటుడి వేషం అన్నీ వాళ్లవే. ఈ రెండు విడతల్లోనూ నాటకశాల మూతపడింది నాటకాలు చూసేవాళ్లు లేక కాదు. భవనం సొంతదారుకూ కౌలుదారుకూ, కౌలుదారుకూ వాటాదారులకూ, వాటాదారులకూ ప్రభుత్వానికీ పడకపోవడం వల్ల. ఆ తగాదాలు కోర్టులకెక్కాయి కాబట్టే ఈ చరిత్ర ఇంత వివరంగా మిగిలింది. అద్దె ఎంతో, వాటా ఎంతో, ఎవరు ఎవరికి ఎంత బాకీయో ఆ కాగితాల్లో షిల్లింగులతో సహా కనిపిస్తుంది. ఏ నాటకశాల కోసం కొట్లాడుకున్నారో ఆ నాటకశాలను ఆడి నిలబెట్టిన పిల్లలు మాత్రం ఒక్క దావాలోనూ వాదులుగానో ప్రతివాదులుగానో కనిపించరు.

ఆ పిల్లలు మొదట గాయకులు. ఇంగ్లండ్ రాజుల ప్రార్థనాలయంలోనూ, విండ్సర్ కోట ప్రార్థనాలయంలోనూ, సెయింట్ పాల్ చర్చిలోనూ కీర్తనలు పాడడానికి బాలుర బృందాలు ఉండేవి. ఒక్కో బృందానికి ఒక గురువు ఉండేవాడు. పాటా వాద్యమూ చదువూ నేర్పడం, తిండీ బట్టా చూడడం ఆయన బాధ్యత. మంచి గొంతున్న పిల్లవాడు ఎక్కడ కనిపించినా రాజసేవకు తీసుకుపోయే అధికారాన్ని ఆజ్ఞాపత్రం ద్వారా గురువుకు ఇచ్చేవారు. పండగ రోజుల్లో ఈ పిల్లలు దర్బారులో నాటకాలాడేవారు. పదహారో శతాబ్దం నడిమికల్లా అది ఆనవాయితీ అయింది. దర్బారు ప్రదర్శనకు ముందు రిహార్సల్ కావాలి. ఆ రిహార్సల్‌కు డబ్బిచ్చే పెద్దమనుషుల్ని రానిస్తే గురువుకు నాలుగు రాళ్లు వస్తాయి. పిల్లల నాటకశాల అనే వ్యాపారం ఇలా మొదలైంది. పైకి మాత్రం అది చదువు చెప్పే చోటే, రాణిగారి వినోదానికి పిల్లల్ని తయారుచేసే చోటే. ఆ ముసుగు వల్లే వ్యాపారం సాగింది. తర్వాత వచ్చిన తగాదాల్లో చాలావాటికి మూలం కూడా ఆ ముసుగే.

బ్లాక్‌ఫ్రయర్స్ ఒకప్పుడు నల్ల అంగీలు తొడుక్కునే డొమినికన్ సన్యాసుల మఠం. ఎనిమిదో హెన్రీ మఠాలను రద్దుచేసినప్పుడు 1538లో అది మూతపడింది. తర్వాత ఆ స్థలం రాజుగారి వినోదాల అధికారి సర్ థామస్ కావర్డెన్ చేతికి, 1559లో ఆయన పోయాక సర్రే జిల్లా లోస్లీ గ్రామ భూస్వామి సర్ విలియం మోర్ చేతికి వచ్చింది. మఠం పోయినా మఠానికున్న ప్రత్యేక హోదా పోలేదు. ఆ పేట నగరం గోడల లోపలే ఉన్నా నగర మేయరు అధికారం అక్కడ చెల్లేది కాదు. నాటకాలంటే గిట్టని మేయరు కంటిముందే, ఆయన చెయ్యి అందని చోట నాటకశాల పెట్టవచ్చు. పైగా చుట్టుపక్కల ఉండేది ఉన్నత కుటుంబాలవాళ్లు. టికెట్టు కొనే స్తోమతున్నవాళ్లు.

ఈ సంగతి మొదట కనిపెట్టినవాడు విండ్సర్ పిల్లల గురువు రిచర్డ్ ఫరాంట్. మంచి స్వరకర్తగా ఆయన పేరు చర్చి సంగీతంలో ఇప్పటికీ ఉంది. రాజ ప్రార్థనాలయం పిల్లల గురువు విలియం హన్నిస్ తరఫున ఆ పిల్లల్ని కూడా ఆయనే చూసేవాడు. 1576లో ఆయన మఠంలోని పాత భవనం పై అంతస్తులో ఆరు గదులను మోర్ దగ్గర కౌలుకు తీసుకున్నాడు. గడువు 21 ఏళ్లు, అద్దె ఏడాదికి 14 పౌండ్లు. పిల్లలకు పాఠాలు చెప్పుకోవడానికని మోర్‌తో చెప్పాడు. ఇల్లు చేతికి రాగానే గదుల మధ్య గోడలు తీయించి ఒక హాలు చేశాడు, వేదిక కట్టాడు, జనాన్ని రానిచ్చాడు. బడి అని చెప్పి ఇల్లు తీసుకుని నిత్య నాటకశాల చేశాడనీ, పేటలోవాళ్లకు అది తలనొప్పి అయిందనీ మోర్ తర్వాత తన కాగితాల్లో రాసుకున్నాడు. చెప్పకుండా ఇంట్లో కొంత భాగం ఇతరులకు అద్దెకిచ్చాడన్నది ఇంకో ఆరోపణ. కౌలు రద్దు చేయాలని మోర్ అప్పటికే ఆలోచనలో పడ్డాడు.

1580 నవంబరు 30న ఫరాంట్ చనిపోయాడు. భార్య ఆన్‌కు పదిమంది పిల్లలూ, అప్పులూ, ఈ కౌలూ మిగిలాయి. తాను నాటకశాల నడపలేదు. హన్నిస్, జాన్ న్యూమన్ అనే ఇద్దరూ దాన్ని ఆమె దగ్గర తీసుకుని ఏడాదికి 20 పౌండ్ల 13 షిల్లింగుల 4 పెన్నీలు ఇస్తామని ఒప్పుకున్నారు. మోర్‌కు కట్టాల్సిన 14 పౌండ్లు పోగా ఆమెకు 6 పౌండ్ల 13 షిల్లింగుల 4 పెన్నీలు మిగలాలి. ఒక్కొక్కరు 100 పౌండ్లకు పూచీకత్తు కూడా రాశారు. కానీ అద్దె ఎప్పుడూ గడువుకు అందలేదు, మరమ్మతులు జరగలేదు. మోర్ ఎక్కడ కౌలు లాక్కుంటాడోనన్న భయంతో అద్దె తానే కట్టడానికి ఆన్ బంగారు బొత్తాలు అమ్ముకుంది, విండ్సర్‌లో ఉన్న తంత్రీవాద్యాలు అమ్ముకుంది. ఆ వాద్యాల మీదే పిల్లలు సంగీతం నేర్చుకుని ఉంటారు. ఒక బడి ఎలా కరిగిపోయిందో చెప్పడానికి ఇంతకన్నా వివరం అక్కర్లేదు.

ఇక్కడి నుంచి కౌలు చేతులు మారడం మొదలైంది. హన్నిస్, న్యూమన్ దాన్ని హెన్రీ ఎవాన్స్‌కు అమ్మేశారు. వేల్స్ నుంచి వచ్చిన ఎవాన్స్ వృత్తిరీత్యా దస్తావేజులు రాసే లేఖరి. ఒప్పందంలో ఎక్కడ సందు ఉందో చూడగలవాడు. తర్వాతి పాతికేళ్లలో ఈ కథలో అందరికన్నా ఎక్కువసార్లు కనిపించే పేరు ఆయనదే. మోర్ దావా వేస్తే ఎవాన్స్ కోర్టు వాయిదాల్లో కాలం గడిపి, కౌలును ఆక్స్‌ఫర్డ్ ప్రభువు ఎడ్వర్డ్ డి వెర్‌కు బదలాయించాడు. ప్రభువు దాన్ని తన కొలువులో ఉన్న రచయిత జాన్ లిలీకి ఇచ్చాడు. లిలీ రాసిన కాంపాస్పీ, సాఫో అండ్ ఫావో నాటకాలను పిల్లలు అక్కడ ఆడి, తర్వాత 1584లో ఎలిజబెత్ రాణి ముందు ఆడారు. ఇంగ్లీషు నాటకంలో సొగసైన వచనానికి ఒరవడి పెట్టిన రచనలవి. అదే ఏడాది వసంతంలో కోర్టు తీర్పు మోర్ పక్షాన వచ్చింది. ఇల్లు ఆయన స్వాధీనమైంది, నాటకశాల పోయింది. ఇంటి సొంతదారు చట్టం ప్రకారం నెగ్గాడు. ఆయనకు చేసిన అన్యాయం నిజమే. అయినా పిల్లల నాటకం మంచి రచయితను సంపాదించుకున్న ఘడియలోనే దాని కాళ్లకింద నేల పోయింది.

పన్నెండేళ్ల తర్వాత, 1596 ఫిబ్రవరి 4న, జేమ్స్ బర్బేజ్ అదే మఠంలో మరో భాగాన్ని 600 పౌండ్లకు మోర్ దగ్గర కొన్నాడు. షేక్‌స్పియర్ ఉన్న నాటక కంపెనీకి ముఖ్యనటుడైన రిచర్డ్ బర్బేజ్‌కు ఈయన తండ్రి. కొన్న హాలు పార్లమెంటు సమావేశాలు జరిగినది. ఎనిమిదో హెన్రీ రాణి కేథరిన్‌తో విడాకుల విచారణ 1529లో జరిగిందీ అక్కడే. పెద్దవాళ్ల కంపెనీకి చలికాలంలో ఆడుకోవడానికి కప్పున్న నాటకశాల కట్టాలని బర్బేజ్ ఆలోచన. హాలు సిద్ధమయ్యేలోపే, ఆ నవంబరులో, పేటలోని 31 మంది రాణిగారి సలహామండలి అయిన ప్రీవీ కౌన్సిల్‌కు అర్జీ పెట్టుకున్నారు. బండ్ల రద్దీ, దొంగలు, పక్కనే ఉన్న చర్చిలో ప్రార్థనకు డప్పుల గోల అడ్డమవడం వాళ్ల అభ్యంతరాలు. లేడీ ఎలిజబెత్ రస్సెల్ పేరు ముందుంది. కంపెనీకి పోషకుడైన హన్స్‌డన్ ప్రభువు కూడా సంతకం పెట్టాడు. షేక్‌స్పియర్ కావ్యాలు అచ్చువేసిన రిచర్డ్ ఫీల్డ్ కూడా పెట్టాడు. పెద్దవాళ్ల నాటకాలకు అనుమతి రాలేదు. మూడు నెలలు తిరక్కుండా జేమ్స్ బర్బేజ్ చనిపోయాడు. అంత డబ్బు పోసిన హాలు కొడుకు రిచర్డ్ చేతిలో ఖాళీగా పడివుంది.

పెద్దవాళ్లకు లేని అనుమతి పిల్లలకు ఉంటుంది, వాళ్లది బడి కాబట్టి. ఆ సందును ఎవాన్స్ మళ్లీ పట్టుకున్నాడు. 1600 సెప్టెంబరు 2న రిచర్డ్ బర్బేజ్ ఆయనకు హాలును 21 ఏళ్లకు, ఏడాదికి 40 పౌండ్ల అద్దెకు కౌలిచ్చాడు. అద్దె తప్పితే 400 పౌండ్లు ఇచ్చుకునేటట్టు ఎవాన్స్, ఆయన అల్లుడు అలెగ్జాండర్ హాకిన్స్ పూచీకత్తు రాశారు. పిల్లల్ని తెచ్చిపెట్టే పని నథానియల్ గైల్స్‌ది. 1597 నుంచి రాజ ప్రార్థనాలయం పిల్లల గురువు ఆయనే. గాయకుల్ని ఎత్తుకుపోయే ఆజ్ఞాపత్రం ఆయన దగ్గరుంది. ఎవాన్స్‌కు భవనం ఉంది, గైల్స్‌కు అధికారం ఉంది, మూడోవాడు జేమ్స్ రాబిన్సన్ వీధుల్లో పిల్లల్ని వెతికిపెట్టేవాడు.

హాలు పొడవు 66 అడుగులు, వెడల్పు 46 అడుగులు. నదికి అవతలున్న గ్లోబ్ నాటకశాలలో ఆకాశం కింద ఒక పెన్నీకి నేల టికెట్టు కొని నిలబడి చూడవచ్చు. ఇక్కడ అందరూ కూర్చోవాల్సిందే, తక్కువలో తక్కువ టికెట్టు ఆరు పెన్నీలు. వెలుతురు కొవ్వొత్తులది. ఒత్తులు కత్తిరించడానికి అంకానికీ అంకానికీ మధ్య విరామం, ఆ విరామంలో సంగీతం. 1602 సెప్టెంబరులో జర్మనీ నుంచి వచ్చిన పొమెరానియా ప్రభువుతో పాటు ఆయన కార్యదర్శి ఇక్కడ నాటకం చూసి దినచర్యలో రాసుకున్నాడు. నాటకానికి ముందు గంటసేపు వాద్యాలు మోగాయనీ, ఒక పిల్లవాడు పాడిన పాటకు సాటి తమ ప్రయాణంలో ఎక్కడా వినలేదనీ ఆయన మాటల సారం. బెన్ జాన్సన్ సింథియాస్ రెవెల్స్, పోయెటాస్టర్ నాటకాలను ఈ పిల్లలకే రాశాడు. పెద్ద కంపెనీల ప్రేక్షకులు ఇటు మళ్లారు. షేక్‌స్పియర్ హామ్లెట్‌లో ఆ పోటీ ప్రస్తావన ఉంది. పెద్దయ్యాక తామే వృత్తినటులు కావాల్సిన పిల్లల చేత ఆ వృత్తినే తిట్టిస్తున్నారన్న అభ్యంతరం అక్కడ వినిపిస్తుంది. షేక్‌స్పియర్ కంపెనీ ముఖ్యనటుడే ఈ పిల్లలకు ఇల్లు అద్దెకిచ్చాడన్నది గుర్తుపెట్టుకుని చదవాల్సిన ఘట్టమది.

1600 డిసెంబరు 13 ఉదయం, పదమూడేళ్ల థామస్ క్లిఫ్టన్ ఇంటి నుంచి క్రైస్ట్ చర్చి బడికి నడిచి వెళుతున్నాడు. దారిలో రాబిన్సన్ మనుషులు అతణ్ణి పట్టుకుని బ్లాక్‌ఫ్రయర్స్‌కు లాక్కుపోయారు. తండ్రి హెన్రీ క్లిఫ్టన్ నార్ఫోక్ జిల్లాలో భూములున్న పెద్దమనిషి. కబురు తెలిసి నాటకశాలకు పరుగెత్తాడు. గైల్స్, రాబిన్సన్, ఎవాన్స్ ముగ్గురూ అక్కడే ఉన్నారు. కొడుకును ఇవ్వబోమన్నారు. ఈ ఆజ్ఞాపత్రంతో దేశంలో ఏ ప్రభువు కొడుకునైనా తెచ్చుకోగలమన్నారు. తండ్రి చూస్తుండగానే, నాటకంలో చెప్పాల్సిన మాటలు రాసిన కాగితపు చుట్టను పిల్లవాడి చేతిలో పెట్టి, వల్లించకపోతే కొరడా దెబ్బలు తప్పవని చెప్పారు. క్లిఫ్టన్ అక్కణ్ణుంచి ప్రీవీ కౌన్సిల్ సభ్యుడు సర్ జాన్ ఫోర్టెస్క్యూ దగ్గరకు పోయి ఉత్తరువు రాయించుకున్నాడు. ఒక పగలూ ఒక రాత్రీ గడిచాక కొడుకు ఇంటికి వచ్చాడు.

ఏడాది తర్వాత క్లిఫ్టన్ స్టార్ చాంబర్ కోర్టులో ఫిర్యాదు చేశాడు. అందులో తన కొడుకుతోపాటు మరో ఏడుగురు పిల్లల పేర్లిచ్చాడు. ఒకడు వెస్ట్‌మిన్‌స్టర్ బడి విద్యార్థి, ఒకడు సెయింట్ పాల్ బడి విద్యార్థి, కొందరు ఎక్కడో పనిలో కుదురుకున్నవాళ్లు. వీళ్లలో ఎవరికీ పాట రాదనీ, పాట నేర్పే ప్రయత్నం కూడా జరగలేదనీ, కేవలం నాటక వ్యాపారానికి ఎత్తుకుపోయారనీ ఆరోపించాడు. ఫిర్యాదు పదునంతా అక్కడే ఉంది. పాడడానికి పట్టుకొస్తే అది రాజసేవ, ఆడించి డబ్బు చేసుకోవడానికి పట్టుకొస్తే దౌర్జన్యం. అయితే ఒక మాట చెప్పుకోవాలి. క్లిఫ్టన్ కోపంలో సగం, పరువుగల ఇంటి పిల్లవాణ్ణి కూలి వేషగాళ్ల మధ్య పడేశారన్నది. మిగతా ఏడుగురి తల్లిదండ్రులకు ప్రీవీ కౌన్సిల్‌లో తెలిసినవాళ్లు ఉన్నట్టు కనిపించదు. వాళ్ల పిల్లల్లో కొందరైనా నాటకశాలలోనే ఉండిపోయారు.

1602 మొదట్లో కోర్టు ఎవాన్స్‌ను తప్పుపట్టింది. పెద్దమనుషుల పిల్లల్ని వాళ్ల ఇష్టానికి వ్యతిరేకంగా పట్టుకొచ్చి నటులుగా వాడుకున్నందుకు. పెద్దమనుషుల పిల్లలన్న మాట ఆ తీర్పు ఎంతవరకు పోతుందో చెబుతుంది. గైల్స్ తన పదవిలో 1634లో చనిపోయేదాకా కొనసాగాడు. ఎవాన్స్ తీర్పు రాబోతోందని ముందే గ్రహించి ఆస్తులు అల్లుడు హాకిన్స్ పేర రాసేశాడు. తర్వాత కొత్త పెట్టుబడిదారుల్ని తెచ్చుకున్నాడు. రాజుగారి వినోదాల శాఖలో ఉద్యోగి ఎడ్వర్డ్ కిర్కమ్, వర్తకులు విలియం రాస్టల్, థామస్ కెండల్. 1602 ఏప్రిల్ 20 ఒప్పందం ప్రకారం సగం లాభం వాళ్లది, సగం ఎవాన్స్ పక్షానిది. నాటకశాల నడిచే వారాల్లో ఎవాన్స్‌కు వారానికి 8 షిల్లింగులు ఇస్తామని విడిగా ఒక పత్రం రాసుకున్నారు. ఆ షిల్లింగుల మీదే వాళ్లు తర్వాత పదేళ్లు కొట్లాడుకున్నారు.

ఎత్తుకొచ్చిన పిల్లల్లో ఇద్దరి కథ తెలుసు. సాలమన్ పేవీ ముసలివాళ్ల వేషాలకు పేరుపడ్డాడు. 1602లో పదమూడేళ్ల వయసులో చనిపోయాడు. బెన్ జాన్సన్ అతని మీద రాసిన స్మృతిపద్యం ఇంగ్లీషు కవితా సంకలనాల్లో ఇప్పటికీ ఉంటుంది. రెండోవాడు నేథన్ ఫీల్డ్, సెయింట్ పాల్ బడిలో చదివే కుర్రాడు. తండ్రి జాన్ ఫీల్డ్ ప్యూరిటన్ బోధకుడు. 1583లో పారిస్ గార్డెన్‌లో ఎలుగుబంటి ఆటలు చూసే మంచెలు కూలి జనం చచ్చిపోతే, వినోదాలకు దేవుడు వేసిన శిక్ష అని పుస్తకం రాసినవాడు. నేథన్ పసితనంలోనే ఆయన పోయాడు. ఆయన కొడుకును నాటకశాలవాళ్లు బడిలోంచి పట్టుకొచ్చి నటుణ్ణి చేశారు. జాన్సన్ దగ్గరుండి అతనికి లాటిన్ కవుల్ని చదివించాడు. నాటకశాల బడి అన్న మాట ఎక్కడైనా నిజమైందంటే ఆ ఒక్కచోటే. అది కూడా యాజమాన్యం పుణ్యం కాదు, ఒక రచయిత మంచితనం.

1603లో ఎలిజబెత్ రాణి చనిపోయింది, స్కాట్లండ్ నుంచి వచ్చిన జేమ్స్ రాజయ్యాడు. మహమ్మారి వల్ల నాటకశాలలు నెలల తరబడి మూతపడ్డాయి. అద్దె మాత్రం ఆగలేదు. కౌలు వదిలేస్తానని ఎవాన్స్ అప్పుడే బర్బేజ్‌తో మంతనాలు జరిపాడు. అంతలో 1604 ఫిబ్రవరి 4న కొత్త రాణి ఆన్ పేర వాళ్లకు అధికారపత్రం వచ్చింది. పేరు రాణిగారి వినోద బాలురు. నాటకాలను ముందుగా చదివి అనుమతించే పని కవి శామ్యూల్ డేనియల్‌కు అప్పగించారు. మామూలు తనిఖీ నుంచి తప్పించుకునే ఈ వెసులుబాటు యాజమాన్యానికి వరంలా కనిపించింది. రాజకీయ వ్యంగ్యానికి టికెట్లు బాగా తెగేవి. 1605లో డేనియల్ సొంత నాటకం ఫిలోటస్‌లోనే రాజద్రోహి ఎసెక్స్ ప్రభువు ఛాయలున్నాయని విచారణ జరిగింది. అదే ఏడాది ఈస్ట్‌వర్డ్ హో నాటకంలో స్కాట్లండ్ వాళ్లను వెక్కిరించారని దాన్ని రాసిన జాన్సన్, చాప్‌మన్ జైలుకు పోయారు. కంపెనీకి రాణి పేరు వాడుకునే యోగ్యత పోయింది. 1606లో జాన్ డే నాటకం ఐల్ ఆఫ్ గల్స్ మీద మళ్లీ గొడవ. కొందరిని బ్రైడ్‌వెల్ జైల్లో వేశారు.

1606లోనే గైల్స్‌కు ఇచ్చిన కొత్త ఆజ్ఞాపత్రంలో ఒక షరతు చేర్చారు. గాయకులుగా తీసుకున్న పిల్లల్ని నాటకాల్లో వాడకూడదు. దేవుణ్ణి కీర్తించాల్సిన నోళ్లు అటువంటి పనికి తగవన్నది అందులో చెప్పిన కారణం. క్లిఫ్టన్ ఫిర్యాదు ఫలం దక్కడానికి అయిదేళ్లు పట్టింది. దాంతో పిల్లల్ని సంపాదించే మార్గం మారింది. ఇకమీదట తల్లిదండ్రులే ఒప్పందం రాసి పిల్లల్ని అప్పగించాలి. ఆలిస్ కుక్ అనే తల్లి కొడుకు ఏబెల్‌ను మూడేళ్లు నాటకాల పనికి కెండల్ దగ్గర పెట్టి 40 పౌండ్లకు పూచీకత్తు రాసింది. పిల్లవాడు మధ్యలో మానేశాడు. కెండల్ 1607లో ఆ తల్లి మీద దావా వేశాడు. ఇదివరకు తండ్రి నాటకశాల మీద ఫిర్యాదు చేశాడు, ఇప్పుడు నాటకశాల తల్లి మీద చేసింది. చట్టం దృష్టిలో రెండోది సక్రమం. పిల్లవాడికి రెండింటికీ తేడా తెలిసి ఉండకపోవచ్చు.

ఈ మధ్యలో వాటాలు చేతులు మారాయి. నాటకకర్త జాన్ మార్‌స్టన్ తన ఆరో వంతు వాటాను రాబర్ట్ కీసర్ అనే కంసాలికి 100 పౌండ్లకు అమ్మాడు. నిర్వహణ కీసర్ చేతికి పోయింది. 1608 వసంతంలో రెండు నాటకాలు ఒకదాని వెంట ఒకటి కొంప ముంచాయి. చాప్‌మన్ రాసిన బైరన్ నాటకంలో ఫ్రాన్స్ రాణి, రాజుగారి ప్రియురాలి చెంప పగలగొట్టే దృశ్యం ఉంది. ఫ్రెంచి రాయబారి లా బోదెరీ ఫిర్యాదు చేశాడు. మరో నాటకంలో జేమ్స్ రాజునే తాగుబోతుగా చూపించి, స్కాట్లండ్‌లోని ఆయన వెండి గనిని గేలి చేశారు. రాజుకు ఒళ్లు మండింది. వాళ్లు ఇక ఆడకూడదు, అడుక్కుతినాలన్నాడని దర్బారు ఉత్తరంలో ఉంది. ముగ్గురిని పట్టి జైల్లో వేశారనీ, రాసినవాడు మాత్రం తప్పించుకున్నాడనీ రాయబారి రాశాడు. ఆ నాటకాలను ఎంచింది యాజమాన్యం, రాసింది పెద్దవాళ్లు. అడుక్కుతినమన్నది మాత్రం ఆడినవాళ్లను.

జులైలో వాటాదారులు కూర్చుని దుస్తులూ సామానూ వెలకట్టి పంచుకున్నారు. ఇక తనకు సంబంధం లేదన్నాడు కిర్కమ్. ఆగస్టులో ఎవాన్స్ కౌలును బర్బేజ్‌కు అప్పజెప్పాడు. ఆగస్టు 9న, అప్పటికి రాజుగారి కంపెనీ అయిన షేక్‌స్పియర్ కంపెనీ తరఫున ఏడుగురు వాటాదారులుగా ఏర్పడి హాలును తీసుకున్నారు. బర్బేజ్ సోదరులు రిచర్డ్, కత్‌బర్ట్, కంపెనీ నటులు షేక్‌స్పియర్, హెమింజెస్, కాండెల్, స్లై, ఏడోవాడు థామస్ ఎవాన్స్. 1596లో జేమ్స్ బర్బేజ్ తలపెట్టిన పని పన్నెండేళ్లకు నెరవేరింది. పేటవాసుల అభ్యంతరం ఈసారి ఎవరూ పట్టించుకోలేదు. మహమ్మారి వల్ల మరో ఏడాది దాకా అక్కడ నాటకం ఆడలేదు.

అదే కాలంలో దగ్గర్లోని వైట్‌ఫ్రయర్స్‌లో ఇంకో పిల్లల కంపెనీ లేచి పడిపోయింది. కవి మైకేల్ డ్రేటన్, థామస్ వుడ్‌ఫర్డ్ కలిసి బక్‌హర్స్ట్ ప్రభువు దగ్గర భవనాన్ని ఏడాదికి 50 పౌండ్లకు కౌలుకు తీసుకున్నారు. 1608 మార్చి 10న వాటాదారులు రాసుకున్న నియమావళి మిగిలింది. అందులో వాటాల లెక్కలుంటాయి, వాటాదారు ఎవరూ దుస్తులు ఇంటికి తీసుకుపోకూడదనీ, నాటక ప్రతులు అచ్చుకు ఇవ్వకూడదనీ ఉంటుంది. నిర్వాహకుడు మార్టిన్ స్లేటర్ కుటుంబం పదిమందికీ ఆ భవనంలో బస ఉంటుంది. పిల్లలందరూ మూడేళ్లకు స్లేటర్‌కు కట్టుబడి ఉండాలనీ, అతను వాళ్లను ఇతరులకు బదిలీ చేస్తే 40 పౌండ్ల జరిమానా అనీ ఉంటుంది. దుస్తుల గురించిన నిబంధనా పిల్లల గురించిన నిబంధనా ఆ పత్రంలో ఒకే తీరున, సొత్తు కాపాడుకునే భాషలో ఉన్నాయి. జార్జ్ ఆండ్రోస్ అనే పట్టు నేతగాడు 90 పౌండ్లు పోసి వాటా కొన్నాడు. 400 పౌండ్ల విలువన్న దుస్తులు తీరా చూస్తే 5 పౌండ్లు కూడా చేయవని 1609లో దావా వేశాడు. అప్పటికే కంపెనీ లేదు.

బ్లాక్‌ఫ్రయర్స్ పిల్లల్ని కీసర్ వదల్లేదు. 1608 చలికాలంలో వాళ్లను దర్బారులో ఆడించాడు, తర్వాత సంగీతకారుడు ఫిలిప్ రాసిటర్‌తో కలిసి వైట్‌ఫ్రయర్స్ భవనానికి తీసుకుపోయాడు. 1610 జనవరి 4న మళ్లీ రాణి పేరు దక్కింది. పోటీ లేకుండా ఉండాలని రాసిటర్, సెయింట్ పాల్ పిల్లల గురువు పియర్స్‌కు ఏడాదికి 20 పౌండ్లు ఇచ్చి ఆ నాటకశాలను మూసి ఉంచమన్నాడు. అందులో సగం రాజుగారి కంపెనీ భరించింది. ఒక పిల్లల రంగస్థలం ఆడకుండా ఉండేందుకు ఇచ్చిన అద్దె అది. 1610లో కీసర్ బర్బేజ్ మీదా ఆయన భాగస్వాముల మీదా దావా వేశాడు. తనను అడగకుండా ఎవాన్స్ దగ్గర కౌలు తీసుకున్నారనీ, పద్దెనిమిది ఇరవైమంది ఆరితేరిన నటుల్ని తాను సొంత ఖర్చుతో రెండేళ్లు పోషించాననీ, తనకు నష్టం వచ్చిందనీ. పిల్లల తిండీ బట్టా అక్కడ లెక్కకొచ్చాయి, ఆయన పెట్టుబడి కింద. కిర్కమ్, ఎవాన్స్ వ్యాజ్యాలు 1612 దాకా సాగాయి.

పిల్లలు ఈలోపు పెద్దవాళ్లయ్యారు. జాన్ అండర్‌వుడ్, విలియం ఆస్ట్‌లర్ నేరుగా రాజుగారి కంపెనీలో చేరారు. ఫీల్డ్ 1616 ప్రాంతంలో చేరాడు, అప్పటికి నాటకాలు కూడా రాస్తున్నాడు. ఆస్ట్‌లర్ కంపెనీ పెద్ద హెమింజెస్ కూతురు థామసీన్‌ను పెళ్లాడి, తాను చిన్నప్పుడు వేషం కట్టిన బ్లాక్‌ఫ్రయర్స్‌లోనే ఏడో వంతు వాటాదారు అయ్యాడు. 1614 డిసెంబరులో వీలునామా రాయకుండానే చనిపోయాడు. వాటాను మామగారు తన అధీనంలోకి తీసుకుంటే కూతురు తండ్రి మీదే 600 పౌండ్లకు దావా వేసింది. అండర్‌వుడ్ 1624లో చనిపోతూ బ్లాక్‌ఫ్రయర్స్, గ్లోబ్, కర్టెన్ నాటకశాలల్లో తన వాటాల రాబడిని అయిదుగురు పిల్లలకు రాశాడు.

1635లో ఇదే భవనం మీద చివరి పెద్ద తగాదా వచ్చింది. రాజుగారి కంపెనీ నటులు బెన్‌ఫీల్డ్, స్వాన్‌స్టన్, పొలార్డ్ ముగ్గురూ దర్బారు అధికారి లార్డ్ చాంబర్‌లేన్‌కు అర్జీ పెట్టుకున్నారు. ఆడేది తామైతే లాభం భవనపు వాటాదారులు తింటున్నారనీ, తమకూ వాటాలు అమ్మించమనీ కోరారు. వృద్ధుడైన కత్‌బర్ట్ బర్బేజ్ జవాబు రాశాడు. తన తండ్రి ఎంత ఖర్చుపెట్టి ఆ హాలు కొన్నాడో, ఎవాన్స్‌కు కౌలిస్తే అతను పిల్లల కంపెనీ పెట్టడం, ఆ పిల్లల్లోంచి అండర్‌వుడ్, ఫీల్డ్, ఆస్ట్‌లర్ పైకి రావడం, రోజులు గడిచేకొద్దీ మిగతావాళ్లు ఎదిగిపోతుంటే మిగిలిన కౌలు కొని తామే ఆడుకోవడం అందులో చెప్పాడు. క్లిఫ్టన్ కొడుకు మాట అందులో లేదు. లార్డ్ చాంబర్‌లేన్ అర్జీదారుల వైపు తీర్పిచ్చి వాటాలు అమ్మమన్నాడు. ఏడేళ్లకు, 1642లో, పార్లమెంటు నాటకశాలలన్నీ మూయించింది. 1655లో బ్లాక్‌ఫ్రయర్స్ హాలును పడగొట్టి ఆ చోట ఇళ్లు కట్టారు.